వరద పాశం గంగాళంలో ఎవరి బియ్యం

ఎందుకు రాస్తున్నాను

పంచాయతీ కార్యదర్శి అంటే జనన మరణ ధ్రువపత్రాలు ఇచ్చే మనిషని ఊళ్లో అనుకుంటారు. నివేదికలు పంపే మనిషని పై అధికారులు అనుకుంటారు. కుక్కల గురించి, వీధి దీపాల గురించి ఫోన్లో కొట్లాడే మనిషినని మా ఆయన అనుకునేవాడు. ముగ్గురిలో ఆయన చెప్పిందే కొంత నిజం. కేతేపల్లి చుట్టుపక్కల కొంతకాలం, కల్వకుర్తి చుట్టుపక్కల చాలాకాలం ఈ పని చేసి రిటైరయ్యాను. నా సన్మాన సభలో అందరూ నా సహనాన్ని పొగిడారు. నాతో పనిచేసినవాళ్లు మాత్రం తలలు దించుకొని నవ్వుకున్నారు.

మా అన్న కూతురు ఇప్పుడు ఇదే ఉద్యోగంలో చేరింది. మొన్న ఫోన్ చేసింది.

"అత్తా, మా ఊర్ల జాతర ఉన్నది. పంచాయతీ తరఫున ఏమన్న చెయ్యాలె అంటున్నరు. ఫ్లెక్సీ కొట్టియ్యాల్నా?"

"ఫ్లెక్సీ తప్ప ఏదైనా చెయ్యి," అన్నాను.

"ఏదైనా అంటే ఏంది అత్తా? జర సక్కగ చెప్పు."

సక్కగా చెప్పాలంటే ఫోన్లో కుదరదు. అందుకని కూర్చుని రాస్తున్నాను. పదోన్నతులు, బదిలీలు, ఆడిట్లు ఇందులో ఉండవు. అవి నాకే విసుగు, నీకెందుకు బిడ్డా? ఊరి పండుగ దగ్గర పంచాయతీ ఎక్కడ నిలబడాలి, ఎక్కడ పక్కకు తప్పుకోవాలి అన్నదొక్కటే రాస్తాను.

జాగా, నీళ్లు, వెలుగు

పండుగ ఊరిది. ఈ మాట గోడ మీద రాసుకో. పంచాయతీ పండుగ చేయదు. పండుగ జరగడానికి జాగా సాపు చేయిస్తుంది, నీళ్లు పెడుతుంది, లైట్లు వెలిగిస్తుంది, తెల్లారి ఊడిపిస్తుంది. ఇంతే. ఇందులో ఫొటోకు పనికొచ్చేది ఒక్కటీ లేదు కాబట్టి దీన్ని ఎవరూ చేయరు.

బతుకమ్మ ఆడే జాగాలో ముందురోజు చెప్పులు విడిచి నడువు. ఆడవాళ్లు వట్టి కాళ్లతో ఆడతారు. మన నేలల్లో పల్లేరు కాయలకు కొదవ లేదు. నీ కాలికి ఒక్కటి గుచ్చుకుంటే చాలు, జాగా ఎట్లా సాపు చేయించాలో నీకు ఎవరూ చెప్పనక్కరలేదు. కబడ్డీ పెడితే మట్టి తవ్వించి తడిపించు. పోటీల ప్రారంభానికి ఎవరిని పిలవాలన్న చర్చకు కూర్చోకు. అది తెగేది కాదు. ఆ సమయంలో లైన్‌మన్‌ను పట్టుకో. జాతరైతే బయటి ఊళ్ల నుంచి వచ్చే ఆడవాళ్లు మరుగుకు ఎక్కడికి పోవాలో మొదట చూడు. ఈ సంగతి ఏ సమావేశంలోనూ ఒక్క మగవాడూ ఎత్తలేదు. నేను ఎత్తినప్పుడల్లా కిటికీ బయటికి చూసేవాళ్లు.

కుర్చీల బతుకమ్మ

కేతేపల్లి వైపు పనిచేసేటప్పుడు మాకొక మండలాధికారి ఉండేవారు. మంచి మనిషి. లంచం ముట్టడు, అబద్ధం ఆడడు. ఒకటే జబ్బు, దేన్ని చూసినా అభివృద్ధి చేసేవాడు. ఒక ఊళ్లో బడి ముందు మైదానంలో ఆడవాళ్లు ఏటా బతుకమ్మ ఆడుకుంటారు. తెలంగాణ వచ్చిన కొత్తలో బతుకమ్మ రాష్ట్ర పండుగ అయింది. ఆయనకు ఉత్సాహం ఆగలేదు.

"ఈసారి ఘనంగా చెయ్యాలమ్మా. అక్కచెల్లెళ్లు నిలబడి ఉంటే మనకు మర్యాద కాదు. అందరికీ కుర్చీలు వేయించండి," అన్నారు.

"సార్, బతుకమ్మ నిలబడే ఆడతరు సార్."

"అందుకేనమ్మా, పాపం," అన్నారు.

వేదిక కట్టాం. షామియానా వేశాం. మైదానం నిండా కుర్చీలు వేశాం. ఆడవాళ్లు తంగేడు, గునుగు పేర్చుకొని బతుకమ్మలను ఎత్తుకొచ్చి, కుర్చీలను చూసి, కాసేపు నిలబడి, చేసేదేం లేక కూర్చున్నారు. బతుకమ్మలను బహుమతుల కోసం బల్ల మీద వరుసగా పెట్టించారు. తర్వాత ఉపన్యాసాలు. బతుకమ్మ ప్రాశస్త్యం గురించి మగవాళ్లు ఒకరి తర్వాత ఒకరు చెప్తుంటే, పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆడుతున్నవాళ్లు చేతులు కట్టుకొని విన్నారు. పూలు వాడిపోయాయి. చివరి వక్త ఇంకా మాట్లాడుతుండగానే ఒక పెద్దావిడ లేచి, తన బతుకమ్మను బల్ల మీది నుంచి దించుకొని నా దగ్గరికి వచ్చింది.

"మీ మీటింగు మంచిగైంది మేడం. మేం పొయ్యి ఆడుకుంటం," అంది.

అందరూ ఆమె వెంట వెళ్లి బడి వెనక సందులో ఆడుకున్నారు. అక్కడ లైటు లేదు, పల్లేరు కాయలు మాత్రం ఉన్నాయి. మైదానంలో మా సార్, మైకు, కుర్చీలు మిగిలాం. కార్యక్రమం అఖండ విజయం సాధించిందని మరునాడు నివేదిక పంపాం.

పాశం కథ

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. కల్వకుర్తి వైపు ఒక ఊరు. పేరు రాయను, చదివితే ఆ ఊరివాళ్లకే తెలుస్తుంది. ఊరూరికీ చెత్త ఎత్తే పంచాయతీ ట్రాక్టర్లు వచ్చిన తర్వాతి కాలం. ఆ ఏడు వానలు మొండికేశాయి. పత్తి గింజలు పెట్టినవాళ్లు మళ్లీ పెట్టారు, అవీ మాడిపోయాయి. బోర్లు గాలి కక్కుతున్నాయి. ఊరంతా కలిసి వరద పాశం చేయాలని పెద్దలు అన్నారు. చాలా ఏళ్లుగా ఆగిపోయిన ఆచారం అది.

తెలియనివాళ్లకు చెప్తాను. ఇంటింటి నుంచి బియ్యం, బెల్లం, పాలు తెచ్చి పెద్ద గంగాళంలో పాయసం వండుతారు. ఊరి పక్కన గుట్ట మీద ఉండే సాపు బండను కడిగి, దాని మీద పాయసం పోస్తారు. ఊళ్లోవాళ్లంతా మోకాళ్ల మీద కూర్చుని, చేతులు వెనక్కి కట్టుకొని, వంగి నోటితోనే నాకుతారు. పశువుల్లా ఆకలితో ఉన్నాం, చూడు దేవుడా అని వానదేవుడికి చెప్పుకోవడం. ఆ ఊళ్లో దీనికొక గట్టి నియమం ఉంది. బండ మీద అన్ని గడపలవాళ్లూ ఉండాలి. ఒక్క గడప తక్కువైనా చేసిందంతా దండగే.

గ్రామసభ పెట్టాం. సర్పంచ్ జంగయ్య నెమ్మదస్తుడు. ఇద్దరు కొట్లాడుతుంటే ఇద్దరికీ తల ఊపేవాడు. ఆచారం వివరాలన్నీ నర్సప్ప పటేలుకు తెలుసు. అప్పటికే బాగా ముసలివాడు. పటేలుగిరీ ఎప్పుడో పోయింది, పిలుపు మాత్రం పోలేదు. ఆయన పద్ధతంతా చెప్పిన తర్వాత, దళితవాడ నుంచి గెలిచిన వార్డు మెంబరు పోచమ్మ లేచింది. కూలికి పోయి బతికి, ఈ మధ్యే కొంచెం మెట్ట చెలక కొనుక్కున్న మనిషి. సభలో అంతకుముందు ఆమె నీళ్ల ట్యాంకర్ గురించి తప్ప మాట్లాడింది లేదు.

"చేస్కుందాం. మంచిదే. నాది ఒక్కటే మాట. మా వాడ బియ్యం గంగాళంల వడాలె. వడితె అందరం వస్తం. వడకపోతె మా వాడ కెల్లి ఒక్క మనిషి బండెక్కడు," అంది.

"ఊరి బాగు కోసం చేసేకాడ గీ పంచాది ఎందుకు పెడుతున్నవు?" అన్నాడు పటేలు.

"పంచాది నేను పెట్టలే పటేలా. పెట్టినోళ్లు పెట్టి పోయిండ్రు."

సభ అయిపోయాక నా దగ్గర కూర్చుని ఆ సంగతి చెప్పింది. ఆమె కొత్త కోడలిగా వచ్చినప్పుడు ఊళ్లో ఇట్లాగే వరద పాశం చేశారట. వాళ్లింట్లో అందరికీ ఒక పూటకు సరిపోయే బియ్యమే ఉంటే, అత్త వాటిని చాటలో పోసుకొని పసుపు అద్ది తీసుకెళ్లింది. "ఆడ వెట్టిపో, మేం కలుపుతం" అన్నారట. ఆ సాయంత్రం పోచమ్మ పటేలు కొట్టంలో పేడ తీయడానికి పోతే ఎడ్ల కుడితి తొట్టి అడుగున పసుపు అద్దిన బియ్యం కనపడ్డాయి.

"మా అత్తకు చెప్పిన మేడం. నువ్వు సూడలేదనుకో బిడ్డా, ఇంట్ల మగోళ్లకు చెప్పకు అన్నది. ఆ పూట మేం ఉపాసం. మా అత్త సచ్చిపొయ్యేదాంక గా మాట మళ్లెత్తలే. నాకు వాన మీద ఆశ లేదు. గా బియ్యం మీదనే ఉన్నది," అంది.

ఆఫీసులో ఎవరి మీద అరవాలో తెలియక, అప్పుడే వచ్చిన మోటారు మెకానిక్ మీద అరిచాను. వాడు రెండు నెలలుగా రాలేదు కాబట్టి అది అన్యాయం కాదు.

దాతలు

తెల్లారి జంగయ్య వెలిగిపోతున్న ముఖంతో వచ్చాడు.

"మేడం, ఫికర్ లేదు. మన రోడ్డు కాంట్రాక్టరు బియ్యం, బెల్లం, పాలు మొత్తం తనే ఇస్త అన్నడు. ఇగ ఎవ్వలింటికి పొయ్యేది లేదు. ఎవ్వల బియ్యం వద్దు. పంచాదే లేదు!"

"సర్పంచ్ గారూ, ఎవరి బియ్యమూ వద్దంటే, అసలు ఎవరి బియ్యం వద్దంటున్నట్టు?"

జంగయ్య ఫ్యాన్ వైపు చూశాడు. కరెంటు లేదు కాబట్టి అది తిరగడం లేదు. అయినా చాలాసేపు చూశాడు.

ఈ మాట బాగా గుర్తుపెట్టుకో బిడ్డా. పండుగ పెరగాలంటే దాత దొరకాలని నీకు అందరూ చెప్తారు. ఒక్కడే అంతా పెట్టుకుంటే మిగతా ఊరంతా చుట్టమైపోతుంది. చుట్టం తింటాడు, వంకలు పెడతాడు, మళ్లీ ఏడు పిలవకపోతే రాడు. తలా పిడికెడు వేసినప్పుడే అది ఊరి పండుగ. ఎంతమంది వచ్చారని లెక్కపెట్టే అధికారులను చూశాను. ఎంతమంది చెయ్యి పడిందని అడిగినవాడు ఒక్కడూ తగల్లేదు. ఇంకో సంగతి, మొత్తం ఖర్చు మేమే పెట్టుకుంటాం అని ఎవరైనా ముందుకొస్తే, అది ఎవరిని దూరం పెట్టడానికో ఒకసారి ఆలోచించు. అన్నిసార్లూ కాదు, చాలాసార్లు.

కాంట్రాక్టరు సంగతి పోచమ్మకూ చేరింది. "ఆయన బియ్యం నాకనీకి నేనేమన్న అడుక్కతిననీకి వచ్చిన్నా ఈ ఊర్లకు?" అని కబురు పంపింది. జంగయ్యతో నేను, "ఆమె రాకపోతే వాడ రాదు. వాడ రాకపోతే మీ నియమం ప్రకారమే వాన రాదు. మీ ఇష్టం," అన్నాను. కాంట్రాక్టరుకు దండం పెట్టి పంపేశారు. ఆయన కూడా పెద్దగా బాధపడలేదు. ఆయన వేసిన రోడ్డు చూస్తే దేనికీ బాధపడే మనిషిలా అనిపించడు.

బండి ఎక్కడ నుంచి కదలాలి

మళ్లీ గ్రామసభలో కూర్చుంటే కొత్త మెలిక వచ్చింది. "సరే, వాడోళ్లు గూడ ఇయ్యనీ. తెచ్చి హనుమాండ్ల గుడి కాడ పెడితె మేం కలుపుతం," అన్నాడు పటేలు. నా పక్కన పోచమ్మ గట్టిగా ఊపిరి పీల్చడం వినపడింది. వాళ్లత్త చాట తెచ్చిన నాడు చెప్పిన మాటే కదా అది. ఆచారం ప్రకారం ఇంటింటికీ గంప పట్టుకొని తిరిగి బియ్యం తెచ్చే పిల్లలను వాడకూ పంపుదామంటే, ఎవరి పిల్లలు పోవాలన్న దగ్గర అందరికీ దగ్గు వచ్చింది.

నేను లేచాను. "గంపలు వద్దు. గంగాళాన్ని పంచాయతీ ట్రాక్టరులో పెట్టి కట్టిస్తాను. అది ఇంటింటి ముందర ఆగుతుంది. ఎవరి బియ్యం వాళ్లే చేత్తో పోయాలి," అన్నాను.

"చెత్త బండిలనా నైవేద్యం?" అన్నాడు పటేలు. ఆ మాటలో న్యాయం ఉంది, కాదనను.

"కడిగిస్తాను. పసుపు నీళ్లతో, సున్నంతో, మీరు చెప్పిన దాంతో. మీరే వచ్చి చూసుకోండి."

"గట్లైతే బండి గుడి కాడ్నుంచి మొదలుపెట్టియ్యి, వాడ ఆఖరుకు."

"ట్రాక్టరు షెడ్డులో ఉంటుంది పటేల్ గారూ. షెడ్డు ఎక్కడుంటే అక్కడి నుంచే కదులుతుంది. షెడ్డు ఊరికి ఎడంగా, వాడను ఆనుకొని కట్టాలని తీర్మానం చేసింది ఈ సభే. చెత్త వాసన ఊళ్లోకి రావద్దని మీరే చెప్పారు."

జంగయ్య, "ఖాళీ బండిని ఊర్లకు తెచ్చి, మళ్ల వాడకు..." అని మొదలుపెట్టాడు. డీజిల్ సరిపోదు అన్నాను. డీజిల్ ఉంది.

ఊడ్చే పనివాళ్లు ట్రాక్టరును అంతగా కడగడం నేను మళ్లీ చూడలేదు. అంతకుముందూ చూడలేదు. వేపమండలు కట్టి, గంగాళానికి పసుపు రాసి నిలబెట్టారు. పొద్దున్నే పోచమ్మ తలస్నానం చేసి, కొత్త చీర కట్టుకొని, స్టీలు గిన్నెలో బియ్యం తెచ్చింది. వెనకాల వాడ మొత్తం వచ్చింది. చర్చికి పోయే ఇళ్లవాళ్లు కూడా, ప్రార్థన చేసుకొని మరీ, పాత్రలు పట్టుకొని వచ్చారు. వాన అందరి చెలకల్లోనూ పడాలి కదా.

డ్రైవరు "బియ్యం పొయ్యి పెద్దమ్మా" అన్నాడు. పోచమ్మ గిన్నె ఒంపింది. కొన్ని బియ్యం ట్రాలీలో ఒలికిపోతే ఒక్కొక్క గింజా ఏరి గంగాళంలో వేసింది. పక్కనవాళ్లు "పోనియ్యి అక్కా" అంటున్నా వినలేదు. ఏడుస్తున్నదని తెలుస్తూనే ఉంది. నేను అటు చూడకుండా డ్రైవరుతో టైర్లలో గాలి గురించి మాట్లాడాను. టైర్ల గురించి నాకేమీ తెలియదు.

బండి ఊళ్లోకి వచ్చింది. కొన్ని తలుపులు తెరుచుకోవడానికి చాలాసేపు పట్టింది. ఒకరిద్దరు బియ్యం నిండుకున్నాయన్నారు. వాళ్ల ఇళ్ల ముందు మిల్లు నుంచి వచ్చిన బస్తాలు అరుగు మీదే ఉన్నాయి. డ్రైవరు ఇంజన్ ఆపి, ఆ నిండుకున్న బియ్యం బయటికి వచ్చేదాకా ఆగాడు. పటేలు కోడలు గిన్నెతో వచ్చి గంగాళంలోకి తొంగి చూసింది. అప్పటికే అడుగంతా కనపడకుండా బియ్యం ఉన్నాయి. వాటి మీద పేర్లు ఉండవు కదా. తన గిన్నె ఒంపి, లోపలికి వెళ్లిపోయింది.

పాయసం ఎవరు వండాలన్న దాని మీద ఇంకో పెద్ద పంచాయితీ జరిగింది. అదంతా రాస్తే నీ ఉత్సాహం చల్లారిపోతుంది. చివరికి పొయ్యి వాడవాళ్లు పెట్టారు, గరిటె అందరూ తలాకాసేపు తిప్పారు.

బండ మీద

వాన వచ్చిందా అని అందరూ అడుగుతారు, అందుకని ముందే చెప్తున్నాను. రాలేదు. ఆ రోజు రాలేదు, ఆ వారమూ రాలేదు. తర్వాత ఎప్పుడో, అందరూ మరిచిపోయాక, చుట్టుపక్కల ఊళ్లన్నిటితో పాటు ఆ ఊళ్లోనూ పడింది. నీ పండుగ విజయవంతమైందా లేదా అన్నది దాని ఫలితాన్ని బట్టి కొలవకు.

బండ మీద పాయసం పోశారు. ఆవిరి లేచింది. ఊరంతా చుట్టూ మోకాళ్ల మీద కూర్చుంది. ఎవరు ఎక్కడ కూర్చోవాలో చెప్పే ఓపిక అప్పటికి ఎవరికీ లేకపోవడం వల్ల, పటేలు పక్కన ఎవరుండాలో ఎవరూ చూసుకోలేదు. పోచమ్మ ఉంది.

ముందు ఊరి పెద్ద మూతి పెట్టాలి. ఆయన పెట్టేదాకా ఎవరూ వంగరు. నర్సప్ప పటేలు చేతులు వెనక్కి కట్టుకొని పాయసాన్ని చూస్తూ ఉండిపోయాడు. చూస్తూనే ఉన్నాడు. జంగయ్య నా వైపు చూశాడు. నేను ఏం చేయను? నా ఉద్యోగంలో అధికారం అక్కడితో అయిపోయింది. లేచి వెళ్లిపోతాడేమో అనుకున్నాను. పోచమ్మ కూడా ఆయన్నే చూస్తోంది. ఆమె ముఖం రాయిలా ఉంది.

"వంగరాదేంది పటేలా?" అంది మెల్లగా.

"మోకాళ్లు వస్తలేవు," అన్నాడు. "వంగితే పడిపోత."

నిజమో కాదో నాకు ఇప్పటికీ తెలియదు. పోచమ్మ తన చేతులు విప్పి, ఆయన భుజం కింద ఒక చెయ్యి, రొమ్ము కింద ఒక చెయ్యి వేసింది. ఆ చేతులు ఆయన కొట్టంలో పేడ తీసినవి. ఆయన ఒళ్లు బిగుసుకుంది. చుట్టూ ఉన్నవాళ్లంతా చూశారు.

"వంగు. నేను పట్టుకున్న," అంది.

ఆయన వంగాడు. ఆమె పట్టుకున్నంతసేపు నాకాడు. తల ఎత్తాడు, మీసాలకు పాయసం అంటుకుంది. చాలాసేపు చప్పరించాడు.

"బెల్లం తక్కువైంది," అన్నాడు.

"అడిగితె తెస్తుంటిమి గద పటేలా," అంది పోచమ్మ, ఆయన్ని కుదురుగా కూర్చోబెడుతూ. "ఇన్నేండ్ల సంది అడగకపోతిరి."

తర్వాత తను చేతులు వెనక్కి కట్టుకొని ఆయన పక్కనే వంగింది.